గర్భస్రావం: తెల్లారేదాకా ఆగవద్దు

(మన సొసైటీ మహిళా ఆరోగ్య సభలో చేసిన ప్రసంగ పాఠం)



డాక్టరమ్మగారు ఉండగా ఈ విషయం మీద టీచర్లం మాట్లాడటం ఏమిటని కొందరికి అనిపించవచ్చు. మందుల గురించి, ఆపరేషన్ల గురించి చెప్పవలసింది వారే. మేము చెప్పబోయేది ఆసుపత్రి గుమ్మం ఎక్కకముందు ఇంట్లో జరిగే సంగతి. అక్కడ డాక్టరు ఉండరు. అత్తగారు, ఆడపడుచు, పక్కింటి ఖాలా ఉంటారు. వసారాలో మగవాళ్ళు ఉంటారు. వెళ్ళాలా, ఆగాలా అని తేల్చేది వీళ్ళే. అది సరైన వేళకు తేలాలన్నదే మా తాపత్రయం.

ముందుగా మా తప్పు ఒకటి ఒప్పుకుంటాం. పదో తరగతి జీవశాస్త్రంలో ప్రత్యుత్పత్తి అని ఒక పాఠం ఉంది. ఏళ్ళ తరబడి ఆ పాఠాన్ని మేము పరుగు మీద దాటించాం. పువ్వులు, పరాగసంపర్కం వరకు బోర్డు మీద రంగు సుద్దలతో బొమ్మలు గీసి చెప్పేవాళ్ళం. మనిషి సంగతి వచ్చేసరికి "ఇది ఇంటి దగ్గర చదువుకోండి" అని పుస్తకం మూసేవాళ్ళం. ఆడపిల్లలు తలదించుకునేవారు, మేమూ తలదించుకునేవాళ్ళం. ఇంటి దగ్గర ఎవరు చెబుతారు? అమ్మకు వాళ్ళమ్మ చెప్పలేదు. ఈమె తన కూతురికి ఏం చెబుతుంది?

అలా మా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయికి కొన్నేళ్ళ క్రితం పెళ్ళయింది. భర్త కువైట్‌లో పనిచేస్తాడు. సెలవు మీద వచ్చి వెళ్ళాక ఆమెకు నెల తప్పింది. మూడో నెలలో ఒక సాయంత్రం కొద్దిగా రక్తం కనిపించింది. అత్తగారికి చెప్పింది. ఆమె చెడ్డమనిషి కాదు. తనకూ ఒకప్పుడు అలాగే అయి, పడుకుంటే సర్దుకుందట. అందుకని కోడలిని పడుకోమంది, జీలకర్ర కషాయం కాచి ఇచ్చింది, తావీజు కట్టింది. "ఈ రాత్రి గడవనీ బేటీ, పొద్దున చూద్దాం" అంది. రాత్రి రక్తం పెరిగింది. వసారాలో మామగారు, మరిది పడుకుని ఉన్నారు. ఆటో పిలవాలంటే వాళ్ళను లేపాలి. ఎందుకని అడిగితే ఏమని చెప్పాలి? ఆ సిగ్గుతో అమ్మాయి పాత చీర చింపి గుడ్డ మీద గుడ్డ మారుస్తూ కూర్చుంది. ఫజ్ర్ అజాన్ వేళకు స్నానాల గదిలో స్పృహ తప్పి పడిపోయింది.

108లో తీసుకువెళ్ళారు. గర్భం పోయిందని, మాయ ముక్క లోపలే ఉండిపోయిందని, అందుకే రక్తం ఆగలేదని డాక్టర్లు చెప్పారు. లోపల శుభ్రం చేసి రెండు బాటిళ్ళ రక్తం ఎక్కించారు. ఎవరిని లేపడానికి ఆమె సిగ్గుపడిందో ఆ మరిదే రక్తనిధికి వెళ్ళి తన రక్తం ఇచ్చి వచ్చాడు. అల్లాహ్ దయవల్ల పిల్ల బతికింది.

మేము చూడటానికి వెళ్ళినప్పుడు ఆ అమ్మాయి ఒక మాట అడిగింది. "టీచర్, మీరు మాకు ఎన్నో చెప్పారు. ఎన్ని గుడ్డలు తడిస్తే ఇంట్లోవాళ్ళను లేపాలో మాత్రం ఎవరూ చెప్పలేదు." మాకు జవాబు తోచలేదు. ఈరోజు ఆ జవాబే చెప్పడానికి మీ ముందుకు వచ్చాం.

గర్భస్రావం అంటే ఏమిటి?

ఇరవై వారాలు నిండకముందు గర్భం దానంతట అదే పోవడాన్ని సాధారణంగా గర్భస్రావం అంటారు. మన ఇళ్ళల్లో 'కడుపు పోయింది' అంటాం, ఉర్దూలో 'హమల్ గిర్ గయా' అంటాం. వారాల లెక్క చివరిసారి ముట్టు వచ్చిన మొదటి రోజు నుంచి మొదలవుతుంది. ఆ తేదీని పెళ్ళయిన ప్రతి ఆడపిల్లా క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకోవాలి. ఆసుపత్రిలో మొదట అడిగేది అదే.

ఇది అరుదైన విషయం కాదు. గర్భమని తెలిసిన ప్రతి వందమందిలో సుమారు పదిమంది నుంచి ఇరవైమంది వరకు ఇలా జరుగుతుంది. అందులో ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే. ఈ హాలులో కూర్చున్నవారిలోనూ ఈ బాధ పడినవారు ఎంతోమంది ఉంటారు. ఎవరూ పైకి చెప్పుకోరు కాబట్టి ప్రతి అమ్మాయీ ఇది తన ఒక్కదానికే జరిగిందనుకుంటుంది.

ఇక్కడ ఒక మాట గురించి జాగ్రత్త. ఆసుపత్రి కాగితాల్లో దీన్ని కూడా 'అబార్షన్' అనే రాస్తారు. దానంతట అదే పోయినా, కావాలని తీయించుకున్నా వైద్యభాషలో ఆ మాట వాడతారు. ముందు 'స్పాంటేనియస్' అని ఉంటే దానంతట అదే పోయిందని అర్థం. డిశ్చార్జి కాగితంలో ఆ ఒక్క మాట చూసి కోడలిని అనుమానించిన ఇల్లు మాకు తెలుసు. కాగితం అర్థం కాకపోతే డాక్టరును అడగండి. పిల్లను నిలదీయకండి.

లక్షణాలు

మొదటి లక్షణం రక్తం కనపడటం. అది గోధుమ రంగు మరకగా మొదలుకావచ్చు, ఎర్రగా రావచ్చు, గడ్డలతో రావచ్చు. రెండోది పొత్తికడుపులో మెలిపెట్టే నొప్పి. ముట్టు నొప్పిలా మొదలై దానికంటే పెరుగుతుంది, నడుములోకి పాకుతుంది. మూడోది నీరులాంటి ద్రవం గానీ, కండ ముక్కలాంటిది గానీ బయటపడటం.

అయితే మొదటి నెలల్లో రక్తం కనిపించగానే అంతా అయిపోయిందని ఏడవనక్కరలేదు. మొదటి మూడు నెలల్లో నలుగురు గర్భిణుల్లో ఒకరికి ఎంతోకొంత రక్తం కనిపిస్తుంది. వారిలో చాలామందికి గర్భం నిలిచి బిడ్డ క్షేమంగా పుడుతుంది. ఏది నిలుస్తుందో ఏది నిలవదో మరకను చూసి అత్తగారు చెప్పలేరు, మంత్రసాని చెప్పలేదు, మేమూ చెప్పలేం. పరీక్ష చేసి, స్కాన్ తీసి చెప్పాలి. అందుకే కొంచెమే కదా అని ఊరుకోకూడదు, కొంచెమే అయినా గుండె జారవిడుచుకోకూడదు.

ఇంకో రకం ఉంది. రక్తం రాదు, నొప్పి రాదు. వేవిళ్ళు ఉన్నట్టుండి తగ్గిపోతాయి, లేదా ఏ తేడా తెలియదు. స్కాన్‌లో మాత్రం బిడ్డ గుండె కొట్టుకోవడం కనిపించదు. వేవిళ్ళు తగ్గినంత మాత్రాన గర్భం పోయినట్టు కాదు, మూడో నెల దాటాక చాలామందికి మామూలుగానే తగ్గుతాయి. అనుమానం ఉంటే స్కాన్ ఒక్కటే దారి. మరీ తొలి వారాల్లో అయితే డాక్టరు వారం పది రోజులాగి మళ్ళీ స్కాన్‌కు రమ్మంటారు. అది డబ్బు కోసం తిప్పడం కాదు. బతికున్న గర్భాన్ని పొరపాటున పోయిందనుకోకుండా నిర్ధారించుకోవడం.

ఈ రోజే, ఈ క్షణమే

పిల్లలకు చెప్పినట్టు బోర్డు మీద రెండు గళ్ళు గీద్దాం. ఒక గడి పేరు 'ఈ రోజే'. రెండోదాని పేరు 'ఈ క్షణమే'. 'రేపు చూద్దాం' అనే గడి మన బోర్డు మీద లేదు.

'ఈ రోజే' గడిలో రాయవలసినవి ఇవి. గర్భంతో ఉన్నప్పుడు ఏ నెలలోనైనా, ఎంత కొంచెమైనా రక్తపు మరక. తగ్గకుండా వస్తూపోతూ ఉండే పొత్తికడుపు నొప్పి. మూత్రం పోసేటప్పుడు మంట. ఇవి కనిపిస్తే ఆశా కార్యకర్తకో, ఏఎన్ఎంకో, చూపించుకునే డాక్టరుకో వెంటనే ఫోన్ చేసి, ఆ రోజే వెళ్ళి చూపించుకోవాలి.

'ఈ క్షణమే' గడిలో రాయవలసినవి జాగ్రత్తగా వినండి. అర్ధరాత్రయినా, పండగ రోజైనా, ఇంట్లో మగవాళ్ళు లేకపోయినా బయలుదేరవలసిన లక్షణాలివి.

ఒకటి. పెద్ద ప్యాడ్ గంటలోపే పూర్తిగా తడిసిపోయి, రెండో గంటలోనూ అలాగే ఉంటే వెళ్ళాలి. ఒకే గంటలో రెండు తడిస్తే రెండో గంట కోసం చూడనే కూడదు. మా విద్యార్థిని అడిగిన ప్రశ్నకు జవాబు ఇదే. గుడ్డ వాడేవాళ్ళు ఇంకా ముందే మేలుకోవాలి. మడతలు పెట్టిన చీర గుడ్డ ఎంతో రక్తం పీల్చుకుంటుంది, ఎంత పోయిందో లెక్క తెలియదు. అందుకే ఇంట్లో గర్భిణి ఉంటే ఒక ప్యాడ్ల ప్యాకెట్ అలమారలో ఉంచండి.

రెండు. నిమ్మకాయంత గడ్డలు పడటం.

మూడు. కళ్ళు బైర్లు కమ్మడం, లేచి నిలబడితే తూలడం, చల్లని చెమటలు, గుండెదడ, స్పృహ తప్పడం. ఇవి ఒంట్లో రక్తం తగ్గిపోతోందని చెప్పే గుర్తులు. అప్పుడు నజర్ తగిలిందని మిరపకాయలు దిగదుడుస్తూ కూర్చుంటే ప్రాణం మీదికి వస్తుంది.

నాలుగు. పొత్తికడుపులో ఒక పక్కన భరించలేని నొప్పి, భుజం చివర నొప్పి. గర్భం కొందరికి గర్భసంచిలో కాకుండా ట్యూబులో నిలుస్తుంది. వందమందిలో ఒకరిద్దరికి ఇలా జరుగుతుంది. అది పెరిగి ట్యూబు పగిలితే రక్తమంతా కడుపులోపలే పోతుంది. బయట మాత్రం మరకే కనిపిస్తుంది, అసలు కనిపించకపోవచ్చు కూడా. భుజం నొప్పి ఎందుకంటే లోపల చేరిన రక్తం ఊపిరితిత్తుల కింద ఉండే పొరను ఒరుసుకుంటుంది. చాలామందికి ఇది ఐదు నుంచి పది వారాల మధ్య బయటపడుతుంది. నెల తప్పిన సంగతి ఇంకా ఎవరికీ చెప్పని రోజులవి. అందుకే పెళ్ళయిన అమ్మాయికి గట్టి కడుపునొప్పి వచ్చి కళ్ళు తిరిగితే, గ్యాస్ అని సోడా తాగించే ముందు ముట్టు ఎప్పుడు వచ్చిందని అడగండి.

ఐదు. 100.4 డిగ్రీలు దాటిన జ్వరం, వణుకు, దుర్వాసనతో కూడిన స్రావం. లోపల మిగిలిన ముక్కకు చీము పట్టిందనడానికి ఇది గుర్తు. గర్భం పోయాక చాలా రోజులకు కూడా రావచ్చు. చిల్లా రోజులని, ఇంట్లోంచి కదలకూడదని జ్వరంతో ఉన్న పిల్లను గదిలో ఉంచకండి.

ఆరు. నాలుగో నెల దాటాక ఉమ్మనీరు పోయినట్టుండటం, కిందికి ఏదో జారుతున్నట్టు బరువుగా ఉండటం.

మన రాష్ట్రంలో ఇంకొక కారణం వల్ల కూడా తొందరపడాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఇక్కడ 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. ఒంట్లో రక్తం నిండుగా ఉన్న మనిషి తట్టుకునే రక్తస్రావాన్ని మన పిల్ల తట్టుకోలేదు. డబ్బాలో బియ్యం అడుగంటిన ఇంటికి ఒక పూట అతిథి వచ్చినా కష్టమే కదా!

బయలుదేరేటప్పుడు

108కి ఫోన్ చేయండి. 2005 ఆగస్టు 15న మన ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన సేవ అది. పైసా ఖర్చు లేదు. ఆ బండి వచ్చేలోగా పిల్లను పడుకోబెట్టి కాళ్ళ కింద దిండు పెట్టండి. ఒంటరిగా ఉంచకండి, స్నానాల గదికి ఒంటరిగా పంపకండి. రక్తం ఎక్కువగా పోతుంటే అన్నం, పాలు పెట్టకండి. మత్తు ఇవ్వవలసి వస్తే కడుపు ఖాళీగా ఉండటం మంచిది. ఆస్పిరిన్ లాంటి మాత్రలు వేయకండి, రక్తం ఇంకా పలచబడుతుంది. కషాయాలు అసలే వద్దు. మోటార్ సైకిల్ మీద మధ్యలో కూర్చోబెట్టి తీసుకెళ్ళకండి. దారిలో స్పృహ తప్పితే పట్టుకోలేం.

వెంట తీసుకెళ్ళవలసినవి నాలుగు. తల్లీబిడ్డల కార్డు, స్కాన్ కాగితాలు, రక్తం గ్రూపు రాసిన కాగితం, వేసుకుంటున్న మందుల చీటీ. ముక్కలాంటిది ఏదైనా బయటపడి ఉంటే అసహ్యించుకోకుండా శుభ్రమైన డబ్బాలో పెట్టి డాక్టరుకు చూపించండి. అంతా పడిపోయిందా, లోపల మిగిలిందా అనేది తేల్చడానికి అది ఉపయోగపడుతుంది. ఏ వేళకు మొదలైంది, ఎన్ని ప్యాడ్లు మార్చారు అన్నది ఒక కాగితం మీద రాయండి. ఎవరైనా ఏదైనా మాత్ర మింగి ఉంటే అది కూడా డాక్టరుకు దాచకుండా చెప్పాలి. నెల రావడానికని డాక్టరు చీటీ లేకుండా మెడికల్ షాపులో మాత్రలు కొని మింగి ప్రాణం మీదికి తెచ్చుకుంటున్నవాళ్ళున్నారు. తప్పో ఒప్పో తర్వాత మాట్లాడుకోవచ్చు. ముందు మనిషి దక్కాలి.

మన ఇళ్ళల్లో ఇక్కడే మూడు సందేహాలు కాళ్ళకు అడ్డం పడతాయి.

మొదటిది, లేడీ డాక్టరు లేరని ఆగిపోవడం. లేడీ డాక్టరు ఉంటే ఆమె దగ్గరికే వెళ్దాం. లేనప్పుడు, ప్రాణం మీదికి వచ్చినప్పుడు మగ డాక్టరు చూడవచ్చునని మన ఉలమాలే చెబుతారు. రెండోది, లోపల శుభ్రం చేయించుకుంటే గర్భం తీయించుకున్న పాపం వస్తుందేమోనన్న భయం. గుండె ఆగిపోయిన గర్భాన్ని, సగం పడిపోయి మిగిలిన ముక్కను తీయడం చికిత్స. బిడ్డ అప్పటికే లేదు, కాపాడవలసింది తల్లిని. చికిత్స చేయించుకొమ్మని బోధించినవారు మన ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం. మూడోది, ఈ రక్తంతో నమాజు, రోజా సంగతి ఏమిటన్న సందేహం. మంచి సందేహమే. మసాయిల్ తెలిసిన ఆలిమ్‌ను తప్పకుండా అడగండి. కాకపోతే ఆసుపత్రికి వెళ్ళివచ్చాక అడగండి. రమజాన్‌లో అయినా సరే, గర్భిణికి, రోగికి రోజా విషయంలో దీన్ ఎంత సడలింపు ఇచ్చిందో మనందరికీ తెలుసు.

ఆసుపత్రిలో

అక్కడ ఏం చేస్తారో ముందే తెలిస్తే సగం భయం పోతుంది. నాడి, బీపీ చూస్తారు. రక్తం, మూత్రం పరీక్షిస్తారు. స్కాన్ తీస్తారు. గర్భం నిలిచే ఉంటే జాగ్రత్తలు చెప్పి పంపుతారు. పోయిందని తేలితే మూడు దారులుంటాయి. దానంతట అదే పూర్తిగా పడిపోయేదాకా డాక్టరు పర్యవేక్షణలో వేచి ఉండటం, మాత్రలతో పడిపోయేలా చేయడం, చిన్న గొట్టంతో లోపల శుభ్రం చేయడం. రక్తం ఎక్కువగా పోతున్నా, చీము పట్టినా వేచి ఉండటం కుదరదు.

రక్తం గ్రూపు సంగతి ఒకటి అందరూ గుర్తుంచుకోవాలి. భార్యది నెగెటివ్ గ్రూపు అయి, బిడ్డది పాజిటివ్ అయితే, తల్లి ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలు తర్వాత వచ్చే బిడ్డ రక్తాన్ని దెబ్బతీస్తాయి. దాన్ని ఆపడానికి యాంటీ-డి అనే ఇంజెక్షన్ ఉంది. అది అవసరమైతే 72 గంటల లోపు వేయాలి. ఇంట్లోనే అంతా పడిపోయింది కదా, ఇంకా ఆసుపత్రి ఎందుకు అని ఊరుకున్నవాళ్ళు ఈ ఇంజెక్షన్ పోగొట్టుకుంటారు. దాని నష్టం తర్వాతి కాన్పులో తెలుస్తుంది. కనుక నెగెటివ్ గ్రూపు ఉన్నవారు ఆ మాట డాక్టరుకు నోరు తెరిచి చెప్పాలి.

ఎవరి తప్పు?

ఇంటికి వచ్చాక మొదలయ్యే ప్రశ్న ఇది. బిందె మోసింది కాబట్టి పోయింది, మెట్లెక్కింది కాబట్టి పోయింది, గ్రహణం నాడు బయటికొచ్చింది, భయపడింది, ఫలానా ఆమె నజర్ తగిలింది. ఈ మాటలు ఆ పిల్ల వింటూనే ఉంటుంది. పైకి ఏమీ అనదు. లోపల మాత్రం ఆ రోజు నేను బిందె ఎత్తకపోతే అని లెక్కలు కట్టుకుంటూ ఉంటుంది.

మొదటి మూడు నెలల్లో పోయే గర్భాల్లో సుమారు సగం క్రోమోజోముల తేడా వల్ల పోతాయి. అంటే బిడ్డ రూపుదిద్దుకోవడం మొదలైన తొలి ఘడియల్లోనే జరిగిన తేడా. దాన్ని తల్లి చేయలేదు, ఆపనూ లేదు. మామూలు ఇంటిపని వల్ల, నడవడం వల్ల, గ్రహణం వల్ల గర్భం పోదు. నిజంగా జాగ్రత్త పడవలసినవి వేరే ఉన్నాయి. అదుపులో లేని షుగరు, థైరాయిడ్, మలేరియా లాంటి జ్వరాలు, పొగాకు, గుట్కా, ఇంట్లో మగవాళ్ళు వదిలే బీడీ సిగరెట్ల పొగ. తల్లి వయసు 35 దాటాక కూడా అవకాశం పెరుగుతుంది. కోడలి నడకను లెక్కపెట్టే ఇల్లు వసారాలో కాలే సిగరెట్లను లెక్కపెట్టదు.

ఒకసారి పోయినవారిలో చాలామందికి తర్వాతి కాన్పు క్షేమంగా జరుగుతుంది. వరుసగా రెండుసార్లు పోతే మాత్రం భార్యాభర్తలిద్దరూ డాక్టరును కలిసి పరీక్షలు చేయించుకోవాలి. కొన్ని కారణాలకు మంచి మందులున్నాయి. దర్గాలో దుఆ చేసుకునేవారు చేసుకోండి, పరీక్ష మాత్రం మానకండి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా డాక్టరు పరీక్షలు జరుగుతాయి. 2016 నుంచి ఈ పథకం ఉంది. రక్తం శాతం, షుగరు, బీపీ చూస్తారు. ఆ తేదీ గుర్తుంచుకోండి.

ఆ తర్వాతి రోజులు

రక్తం మెల్లగా తగ్గుతూ వారం రెండు వారాలు ఉండవచ్చు. తగ్గినది మళ్ళీ పెరిగితే, జ్వరం వస్తే తిరిగి వెళ్ళాలి. రక్తం పూర్తిగా ఆగేదాకా భార్యాభర్తలు దూరంగా ఉండాలి. నాలుగు నుంచి ఆరు వారాల్లో ముట్టు వస్తుంది. ముట్టు రాకముందే మళ్ళీ గర్భం నిలిచే వీలుంది, కనుక ఎప్పుడు సిద్ధపడాలో డాక్టరును అడగండి. ఇనుము మాత్రలు, పాలకూర, గుడ్లు, ఖర్జూరాలు, పప్పు ఇచ్చి ఒంట్లో రక్తం పట్టనివ్వండి. ఉద్యోగం చేసే ఆడవాళ్ళకు చట్టం ప్రకారం గర్భస్రావం తర్వాత ఆరు వారాల జీతంతో కూడిన సెలవు ఉంది. ప్రయివేటు బళ్ళలో పనిచేసే మన టీచరమ్మలు చాలామందికి ఈ సంగతి తెలియదు. రెండు రోజుల్లో బడికి వచ్చి నిలబడి పాఠం చెప్పినవాళ్ళను చూశాం.

ఒంటికి మందు ఉంది, మనసుకు మన మాటే మందు. "ఇంకా చిన్నదానివే, మళ్ళీ పుడతారులే" అంటే ఓదార్పు కాదు. ఆమె పోగొట్టుకున్నది ఆ బిడ్డను. పక్కన కూర్చుని ఏడవనివ్వండి. సబర్ అంటే ఏడవకపోవడం కాదు. దైవప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం కూడా తమ చిన్నారి కొడుకు ఇబ్రాహీం పోయినప్పుడు కన్నీరు పెట్టారు. నిద్ర లేక, తిండి లేక, ఎవరితోనూ మాట్లాడక వారాలు గడిస్తే అది కూడా వైద్యం కావలసిన జబ్బేనని గుర్తించండి.

పర్దా అవతలి వారికి

అన్నదమ్ములారా, ఈ సభ ఆడవాళ్ళదే అయినా మిమ్మల్ని రమ్మన్నది ఇందుకే. మీరు నిద్రలో ఉన్నారని సిగ్గుపడి ఒక పిల్ల రాత్రంతా రక్తం పోగొట్టుకుంది. మిమ్మల్ని లేపడానికి ఆడవాళ్ళు భయపడే ఇల్లు కాకుండా చూసుకోండి. కోడలికి, మరదలికి, వదినకు ముందే ఒక మాట చెప్పండి. "ఏ వేళయినా సరే, కారణం చెప్పనక్కరలేదు, తలుపు తట్టు చాలు." గల్ఫ్‌లో ఉన్న భర్తలు ఫోన్‌లో అడగవలసిన మాట "అమ్మ చెప్పినట్టు విను" అని కాదు. "ఎవరు తీసుకెళ్తారు, డబ్బు ఉందా" అని.

సొసైటీ పెద్దలకు మా విన్నపం మూడు ముక్కల్లో. మొహల్లా యువకుల రక్తం గ్రూపుల జాబితా ఒకటి తయారుచేసి ఆఫీసులో, మస్జిద్‌లో పెట్టించండి. రాత్రివేళ ఆసుపత్రికి వెళ్ళవలసిన బీద గర్భిణికి ఎవరినీ బతిమాలకుండా బండి ఖర్చు అందేలా కొంత నిధి వేరుగా ఉంచండి. ఇమామ్ సాహెబ్ ద్వారా జుమా రోజు మగవాళ్ళకు ఈ సంగతి ఒక్కసారైనా చెప్పించండి. పిల్లల స్కాలర్‌షిప్‌లకు, నిఖాలకు మీరు చేస్తున్న మేలు గొప్పది. ఇది దానికి తోడవుతుంది.

మా వంతు మేము చేస్తున్నాం. ప్రత్యుత్పత్తి పాఠం వచ్చిన రోజు ఇప్పుడు పుస్తకం మూయడం లేదు. తలుపు మూస్తాం, ఆడపిల్లలను ముందు బెంచీలకు పిలుస్తాం, రెండు గళ్ళు గీస్తాం. మొదటి రోజు మా గొంతు వణికింది. వెనక బెంచీలో ఒక పిల్ల నోట్సు తీసి, "టీచర్, ప్యాడ్ లెక్క మళ్ళీ చెప్పండి, మా అక్కకు చెప్పాలి" అంది. మళ్ళీ చెప్పాం.

మీరూ ఈరోజు ఇంటికి వెళ్ళి ఒక్కరికి చెప్పండి. అల్లాహ్ మన ఆడబిడ్డలందరినీ క్షేమంగా ఉంచుగాక. ఆమీన్.